ఆరంగ్ మిల్లు కళ్ళంలో గ్రాండ్ ప్రీ

అరవై దాటినవాళ్ళకి కుర్చీలాట పెడతారా? పాట ఆగగానే కుర్చీ కోసం ఉరకాలట, దొరకనివాడు నవ్వుకుంటూ పక్కకి పోవాలట. మా రాయపూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన రెండు మూడేళ్ళకి ఇక్కడి తెలుగువాళ్ళ సంఘానికి ఒక కుర్రాడు కార్యదర్శి అయ్యాడు. చలికాలం పిక్నిక్‌లో ఏమేం ఆటలుంటాయో మీటింగులో చదివాడు. యువకులకి మోటారు సైకిలు పందెం, ఆడవాళ్ళకి చెంచాలో నిమ్మకాయ, "సీనియర్లకి" కుర్చీలాట. నేను లేచి నిలబడ్డాను.

"మాకు మోటారు పందెం ఎందుకు లేదు బాబూ?"

"రిస్కు కదా అంకుల్‌జీ. అది కుర్రాళ్ళ ఆట."

నా ఒళ్ళు మండిపోయింది. "కుర్రాళ్ళ ఆటా? రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక గ్రాండ్ ప్రీ కారు పందేలు గెలిచినవాళ్ళ మొహాలు ఎప్పుడైనా చూశావా నువ్వు? నలభై దాటినవాళ్ళు! బట్టతలలు, బానపొట్టలు! నడుముకి బెల్టు లేదు, చుట్టూ గోడ లేదు. గడ్డి మోపులు పేర్చి, వాటి మధ్య పొట్టిచేతుల చొక్కాతో దూసుకుపోయారు. వాళ్ళని కుర్చీల చుట్టూ తిప్పుతావా?"

వెనక వరసలోంచి ఎవరో "టీ వచ్చిందా?" అన్నారు.

ఈ సంగతులు నాకెలా తెలుసని అడగొచ్చు. చదివింది ఐదో తరగతి. భన్‌పురిలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టులో విడిభాగాల స్టోరు చూసేవాణ్ణి. కలకత్తా నుంచి వచ్చే పెట్టెల్లో బేరింగులు కదలకుండా పాత ఇంగ్లీషు మోటారు పత్రికల కాగితాలు కూరేవారు. ఆ కాగితాలు సాపు చేసి, డిక్షనరీ పక్కన పెట్టుకుని, మాటకి మాట కూడబలుక్కుంటూ చదివాను. వాటిలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైన రెండో ఏడాది సీజను నాకు బాగా పట్టుబడింది. కాకపోతే చివర నుంచి మొదటికి పట్టుబడింది. చివరి పందెంలో, స్పెయిన్‌లో, చిన్న చక్రాలు వేసుకుని ఒక జట్టు ఎలా కొంప ముంచుకుందో ముందు తెలిసింది. మొదటి పందెంలో స్విట్జర్లాండులో వాన పడిందన్న కాగితం చాలా కాలం తర్వాత ఒక క్లచ్ ప్లేటు చుట్టూ వచ్చింది. ఎవడు గెలిచాడో ముందే తెలిసినా ఎలా గెలిచాడో తెలియక నిద్ర పట్టేది కాదు. కొన్ని కార్లు వేగంగా పోయేవి కానీ ఇంధనం తాగేవి కావు, స్నానం చేసేవి. మధ్యలో మాటిమాటికీ ఆగేవి. కొన్ని నెమ్మదివే, కానీ ఆగేవి కావు. ఆ లెక్కలు వేసుకుంటూ నేను ఎన్ని లారీలకి తప్పు గాస్కెట్లు ఇచ్చానో ఆ డ్రైవర్లకి తెలుసు.

ఆ రోజు మీటింగులో నాకు తోడు లేచిన మనిషి ఒక్కతే, మా ఆవిడ. గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. కాలనీ అంతటికీ సిస్టరమ్మ.

"నిమ్మకాయేంటి బాబూ నాకు? ఉద్యోగం చేసినన్నాళ్ళూ వానలోనూ, కర్ఫ్యూలోనూ మోపెడ్ మీద డ్యూటీకెళ్ళాను. చెంచా పట్టుకుని నడవమంటావా?"

కార్యదర్శి తల గోక్కున్నాడు. "మోపెడ్ అయితే... సరే ఆంటీజీ. దాని స్పీడుకి ఎవరికీ ఏమీ కాదు."

అలా మొదలైంది మా సీజను, పిక్నిక్ రోజు ఒక్క పందెంగా కాక చలికాలమంతా ఆదివారం ఆదివారం. ఆరంగ్ దగ్గర మూతపడ్డ రైస్ మిల్లు ఒకటుంది. ఒడ్లు ఆరబెట్టే సిమెంటు కళ్ళం దాని చుట్టూ మైదానంలా ఉంటుంది. మిల్లు సేఠ్ నవ్వి తాళం ఇచ్చాడు. ఇక్కడివాళ్ళు పైరా అనే వరిగడ్డి మోపులు మలుపుల దగ్గర పేర్చాం. నిబంధనలు నేనే రాశాను, పాయింట్ల లెక్క తప్ప మిగతావి నా కాగితాల్లో ఉన్నవి ఉన్నట్టు. జట్టుకి ఇద్దరు. గెలుపుకి పది పాయింట్లు, రెండో స్థానానికి నాలుగు. ఒకరి బండి పాడైతే పందెం మధ్యలోనే జట్టులో రెండోవారి బండి తీసుకోవచ్చు, అప్పుడు వచ్చిన పాయింట్లు ఇద్దరికీ సగం సగం. ఆ రోజుల్లో దేశానికో రంగు ఉండేది కాబట్టి మనం జిల్లాకో రంగు రిబ్బను కట్టాలన్నాను. అక్కడ మా ఇంట్లోనే యుద్ధం వచ్చింది. నాది విజయనగరం వైపు, ఆవిడది గుంటూరు. చివరికి నా హ్యాండిల్‌కి పచ్చ, ఆవిడ హ్యాండిల్‌కి ఎరుపు కట్టుకుని ఒకే జట్టు అనిపించుకున్నాం. గెలుపు జెండాకి నలుపు తెలుపు గళ్ళ గుడ్డ పండరీ బట్టల బజారంతా తిరిగినా దొరకలేదు, ఎర్రగళ్ళ తువ్వాలుతో సరిపెట్టాం.

ఆ చలికాలం ఆదివారాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వు ఆగదు. ఒకాయన స్టార్టు కాగానే పంచె చైనులో పడి అక్కడే ఆగిపోయాడు. ఇంకొకాయన దారి తప్పి మిల్లు గోదాములోకి పోయి, అవతలి తలుపులోంచి ముందు స్థానంలోకి వచ్చాడు. అందరికన్నా గట్టివాడు రైల్వేలో గూడ్సు గార్డుగా రిటైరైన గోదావరి జిల్లా ఆయన. ఉద్యోగమంతా బండి చివరి పెట్టెలో కూర్చున్న మనిషికి ముందుండటం అంటే ఏమిటో ఆ చలికాలంలోనే తెలిసిందట. నన్ను దాటినప్పుడల్లా ఒక మాట విసిరేవాడు.

"ఏవండోయ్ స్టోరుబాబుగారూ! బండి నడుపుతున్నారా, షికారు తిప్పుతున్నారా?"

చివరి ఆదివారం వచ్చేసరికి మా ఆవిడా, గార్డుగారూ పాయింట్లలో సమానంగా ఉన్నారు. నా పేరు పట్టికలో ఎక్కడో కింద ఉంది. నాకు కప్పు అక్కర్లేదు. ఒక్కసారి, ఒక్క పందెంలో, ఆ ఎర్రగళ్ళ తువ్వాలు ముందు నుంచి అందరికన్నా ముందు పోవాలి. కుర్చీలాట అన్న ఆ కుర్రాడు చూస్తుండగా పోవాలి. అదొక్కటే.

ఆ రోజు నా బండికి ఏం పూనిందో! మొదటి మలుపులోనే ముందుకొచ్చాను, వచ్చి అలాగే ఉన్నాను. వెనక మా ఆవిడ, ఆ వెనక గార్డుగారు. గాలికి కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, నోట్లో గడ్డి పడుతోంది, నేను నాకు తెలియకుండానే ఏదో పాడుతున్నాను. సగం చుట్లు అయిపోయాయి. ఇంకో చుట్టు తిరిగి వచ్చేసరికి టీ కాచే షెడ్డు ముందు, దారికి నట్టనడుమ, చెయ్యి అడ్డం పెట్టి మా ఆవిడ నిలబడి ఉంది. బ్రేకు వేశాను.

"దిగండి!"

"దేనికే?"

"నా ప్లగ్గు పోయింది. మీ బండి ఇవ్వండి."

"నేను ముందున్నానే!"

"అందుకే అడుగుతున్నా. వెనకున్నవాడి బండి నాకెందుకు?"

నా కాగితాల్లో ఒక ఇటలీ పెద్దాయన ఉండేవాడు. యాభై దాటినవాడు. ఆ సీజన్లో ఫ్రాన్సు పందెంలో ఆయన బాగా నడుపుతుంటే జట్టువాళ్ళు ఆపి, కారు దిగి, తన కారు పాడైన జట్టులోని మేటి డ్రైవరుకి ఇమ్మన్నారు. ఆయన దిగాడు. ఆ కారు గెలిచింది. ఆయనకి అంటగట్టిన పాడైన కారు ఎక్కడో వెనక వచ్చింది. గెలుపులో ఆయనకీ వాటా రాశారు కానీ, ఆ కోపంతో ఆయన మళ్ళీ గ్రాండ్ ప్రీ కారు ఎక్కలేదు. ఆ మహానుభావుడి తరఫున భన్‌పురి స్టోరులో ఒక్కణ్ణే కూర్చుని ఎంత తిట్టుకున్నానో! ఆ దిక్కుమాలిన నిబంధనని నా చేత్తో రాసింది కూడా నేనే, మా సీజను ఆ సీజనులాగే ఉండాలని.

గార్డుగారి హారన్ దగ్గరపడుతోంది. మా ఆవిడ జడ ఊడి గడ్డి పరకలతో నిండిపోయింది. ఆయాసంతో, ఆత్రంతో అక్కడే గెంతుతోంది. ఆస్పత్రిలో అన్నేళ్ళు అందర్నీ "నెమ్మది, నెమ్మది" అన్న మనిషి. నేను గెలిస్తే గార్డుగారికి రెండో స్థానం, ఆవిడకి సున్నా. నా బండి మీద ఆవిడ గెలిస్తే సగం చేసినా ఐదు, గార్డుగారికి నాలుగే.

దిగాను. "ఛీ" అని కూడా అన్నాను, ఎందుకు దాచాలి?

ఆవిడ వెనక్కి చూడకుండా పోయింది. ఈలోగా గార్డుగారు ముందుకెళ్ళిపోయాడు. నేను ఆవిడ చచ్చిన బండి ఎక్కాను. మోపెడ్‌కి పెడల్స్ ఉంటాయి కదా, తొక్కడం మొదలుపెట్టాను. పందెంలో ఉన్నవాణ్ణి పందెంలోనే ఉంటాను. కాసేపటికి, ఒక చుట్టు తిరిగొచ్చిన నా బండి చప్పుడే వెనక నుంచి వినిపించింది.

"జరగండి, జరగండి!"

"నా బండి మీద వచ్చి నన్నే జరగమంటావా!"

"తిట్టండి, కానీ జరిగి తిట్టండి!"

జరిగాను. జరిగాక అరవడం మొదలుపెట్టాను, "తొక్కెయ్, తొక్కెయ్, ఆ గార్డుని వదలకు!" అని. చివరి మలుపులో ఆవిడ లోపలి వైపు నుంచి దూరింది. గార్డుగారు బయటికి పోయి గడ్డి మోపుల్లో మాయమయ్యాడు. కాస్సేపటికి గడ్డిలోంచి ఒక చెయ్యి లేచి, గార్డు అలవాటు ప్రకారం, అంతా బాగానే ఉందన్నట్టు ఊగింది. తువ్వాలు ముందు నుంచి ఎర్ర రిబ్బను మనిషి పచ్చ రిబ్బను బండి మీద పోయింది.

నేను తొక్కుకుంటూ వచ్చేసరికి సగం మంది పులిహోర తింటున్నారు. కార్యదర్శి మాత్రం తువ్వాలు పట్టుకుని అక్కడే ఉన్నాడు.

"అంకుల్‌జీ, మీరూ గెలిచారు. మీ రూలే."

"సగం," అన్నాను. "మొదటి సగం. అసలు సగం."

బహుమతుల వేళ మైకు నేనే లాక్కున్నాను. ఆ ఇటలీ పెద్దాయన కథ మొత్తం చెప్పాను. "కాబట్టి నేను కూడా ఈ క్షణం నుంచి పందేల నుంచి..." అంటున్నానో లేదో, కింద నుంచి మా ఆవిడ అందుకుంది.

"మానేస్తే మానెయ్యండి. వచ్చే ఏడు నేను గార్డుగారితో జట్టు కడతా."

గార్డుగారు చెవిలోంచి గడ్డి తీసుకుంటూ అన్నాడు, "అడగడమే ఆలీసం సిస్టరమ్మగోరూ! మీరు దిగమంటే దిగిపోతా. అసలు ఎక్కనే ఎక్కను!"

అందరూ పగలబడి నవ్వారు. నేను గొంతు సవరించుకున్నాను. "...పందేల నుంచి తప్పుకునే ఉద్దేశం నాకు ఎంతమాత్రం లేదని తెలియజేసుకుంటున్నాను."

కార్యదర్శి కప్పు తెచ్చాడు. రెండు చెవులున్న కప్పు. ఒక చెవి ఆవిడ పట్టుకుంది, రెండోది నేను. "ఇప్పుడు ఆంటీజీ ఒక్కరే పైకెత్తి చూపించండి," అన్నాడు ఎవడో ఫోటో తీసేవాడు.

నేను వదల్లేదు.