మిరపాకుల వరుసలో మా చంటోడు

నరసరావుపేటలో పురుగుమందుల కొట్టుకి గోల్డ్‌ఫిష్‌ను వైద్యానికి మోసుకెళ్లిన మనిషి నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరూ నేనే. ఆ రోజు నా పరువు ఎంత పోయిందో చదివాక మీరే చెప్పండి.

అప్పటికి నేను కొత్త కోడలిని. మా అత్తయ్య గాజు తొట్టిలో ఒక గోల్డ్‌ఫిష్‌ను పెంచేవారు. పేరు చంటోడు. ఇంట్లో అందరికన్నా ముందు టిఫిను వాడికే. మాచర్లలో పెళ్లికి వెళ్తూ అత్తయ్య వాణ్ణి నా చేతుల్లో పెట్టారు.

"చిటికెడు మేతే ఎయ్యి. ఎక్కువేస్తే నీళ్లు చెడి జబ్బు చేసుద్ది. పంపు నీళ్లు ఒక రోజు బకెట్లో ఉంచినాకే పొయ్యి. తొట్టి నీళ్లన్నీ ఒకేసారి మార్చమాక. వాడికేమన్నా అయ్యిందో..."

అయితే ఏం చేస్తారో చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు కాస్త నిద్రన్నా పట్టేది.

మర్నాడు పొద్దున చూద్దును కదా, చంటోడి బుగ్గల మీద తెల్లటి చుక్కలు! నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోన్లో వెతికితే, అది తెల్లమచ్చల జబ్బనీ, వెంటనే చూడకపోతే చేప దక్కదనీ ఉంది. 'కొత్త కోడలు కాలు పెట్టింది, చేప పోయింది' అని వీధంతా అనుకుంటున్నట్టు అప్పుడే నా చెవులకి వినపడింది. అంతలో అత్తయ్య నుంచి వీడియో కాల్.

"ఏమే, చంటోణ్ణి ఒకసారి చూపియ్యి."

"నిద్రపోతున్నాడత్తయ్యా."

"ఇంత పొద్దెక్కినాకా?"

"రాత్రంతా ఈదాడు కదా, అలిసిపోయాడు."

ఫోన్ పెట్టేసి మా ఆయన్ని అడిగితే, "అమ్మ వచ్చిందాకా దాన్ని ముట్టుకోమాక" అని బండెక్కి వెళ్లిపోయాడు. మంచి సలహానే. నేను వింటే కదా!

మాది రాజుపాలెం దగ్గర మిరప వేసే కుటుంబం. ఆకు మీద మచ్చ కనపడితే మా నాన్న ఆ ఆకును కవర్లో వేసుకుని పురుగుమందుల కొట్టుకి వెళ్తాడు. కొట్టాయన చూసి, తెగులు పేరు చెప్పి మందిస్తాడు. మచ్చలకి నాకు తెలిసిన ఆసుపత్రి అదొక్కటే. అందుకని చంటోణ్ణి నీళ్లతో సహా కవర్లో వేసుకుని ఆటో ఎక్కాను.

కొట్టు ముందు రైతులు మిరపాకులు, పత్తాకులు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ల వెనక నేను చేపను పట్టుకుని నిలబడ్డాను. తలగుడ్డ కట్టిన ఒక పెద్దాయన కవర్లోకి తొంగి చూశాడు.

"బూడిద తెగులమ్మా. మా మిరపకీ ఇట్టనే వచ్చింది."

"తగ్గిందా బాబాయ్?" ఆశగా అడిగాను.

"చేనుకి తగ్గింది. చేప సంగతి నాకేం తెలుసుద్ది?"

నా వంతు వచ్చింది. కొట్టాయన తలెత్తకుండానే, "ఎన్నెకరాలమ్మా?" అన్నాడు.

"ఎకరాలు కాదండీ, ఒక తొట్టి."

అప్పుడు తలెత్తి కవరును చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కవరును చూశాడు.

"అమ్మాయ్, నా కాడ ఏ డబ్బా మూత తీసినా అది బతకదు. ముందు దాన్ని బయటికి తీసకపో!"

కవరును గుండెలకి హత్తుకుని పరిగెత్తాను. వెనక నుంచి రైతుల నవ్వులు సందు చివరిదాకా నాతో వచ్చాయి. ఇంటికొచ్చి చంటోణ్ణి తొట్టిలో వదిలి, ఎదురుగా కూలబడ్డాను. వాడు నోరు తెరిచినప్పుడల్లా ఆఖరి మాట చెబుతున్నాడేమోనని నాకు భయం. అన్నం తినబుద్ధి కాలేదు. వాడు మాత్రం మేత కోసం గాజుకి మూతి ఆనించి తిరుగుతున్నాడు. అది కూడా జబ్బు లక్షణమే అనుకున్నాను.

మర్నాడు అత్తయ్య గుమ్మంలో చెప్పులు విడవకముందే భోరున ఏడ్చి, చుక్కల దగ్గర్నుంచి పురుగుమందుల కొట్టు దాకా అంతా చెప్పేశాను. ఆమె తొట్టిలోకి వంగి చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, నిలబడలేక కుర్చీలో కూర్చున్నారు.

"ఏడవమాక. ఏటా ఈ కాలంలో వాడికి ఈ చుక్కలు వస్తయ్. మగచేప కదా, జత కోసం చూస్తన్నాడు. కొన్నాళ్లకి అయ్యే పోతయ్."

"అంటే జబ్బు కాదా అత్తయ్యా?"

"జబ్బేందే! పెళ్లీడుకొచ్చాడు. పెళ్లీడుకొచ్చిన పిల్లోణ్ణి సంబంధాలకి తిప్పుతారు గానీ, పురుగుమందుల కొట్టుకి తిప్పుతారా ఎవరన్నా?"

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ ఇంట్లో ఎవరి బుగ్గల మీద ఎన్ని చుక్కలు వచ్చినా సరే, ముందు వయసు అడిగి, ఆ తర్వాతే మందు సంగతి చూస్తాను.