పాప పాదాలకు కట్లు

మా పాప తెనాలి ఆసుపత్రిలో పుట్టింది. మంచి బరువు, గట్టి ఏడుపు. నర్సు గుడ్డ తీసి చూపిస్తే రెండు పాదాలూ లోపలికి తిరిగిపోయి ఉన్నాయి. వాటిని అరచేతుల్లోకి తీసుకున్నాను. వెచ్చగా ఉన్నాయి. ఏం చేయాలో ముందు తెలుసుకుందాం అనుకున్నాను.

బాపట్లలో మేమూ అత్తగారూ ఒకే ఇంట్లో ఉంటాం. నేను కడుపుతో ఉండగా గ్రహణం నాడు కాళ్లు ముడుచుకుని పడుకోవడం తను చూశానని, అందుకే ఇలా అయిందని ఆవిడ అన్నారు. రేపల్లె నుంచి మా అమ్మ కూడా ఫోన్లో ఆ గ్రహణం సంగతే అడిగింది.

"డాక్టరుగారినే అడుగుదామండి. మీరూ లోపలికి రండి" అన్నాను అత్తగారితో.

ఎముకల డాక్టరు పాప పాదాన్ని మెల్లగా కదిలించి చూశారు. గ్రహణమొర్రి, గుండెలో రంధ్రం లాగే ఇదీ కడుపులో బిడ్డ ఎదిగేటప్పుడు వచ్చే లోపమేనని, తరచూ చూస్తుంటామని చెప్పారు. చాలామందిలో కారణం తెలియదట. కొన్ని కుటుంబాల్లో మాత్రం మళ్లీ మళ్లీ వస్తుందట. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదన్నారు. మీ ఇళ్లలో ఎవరికైనా ఉందా అని అడిగితే నేను లేదన్నాను.

అత్తగారు కొంగు వేలికి చుట్టుకుంటూ, "మా తమ్ముడికి ఉండేదండి" అన్నారు.

ఆ తమ్ముడి సంగతి మా ఆయనకే తెలియదు. చుట్టాలొస్తే అతన్ని పెరటి గదిలో ఉంచేవారట. చిన్నతనంలోనే జ్వరమొచ్చి పోయాడట.

"మా అమ్మని బతికినన్నాళ్లూ ఆడిపోసుకున్నారు. నేనూ నిన్ను అదే మాటన్నానమ్మా."

"ఆవిడ తప్పూ కాదు, ఈవిడ తప్పూ కాదండి" అన్నారు డాక్టరు.

ఆ తర్వాత వారం వారం పాపని రైల్లో తెనాలి తీసుకెళ్లి పిండికట్లు మార్పించాం. పాపని ఒళ్లో పెట్టుకునేది అత్తగారే. ఎవరైనా అడిగితే, పుట్టుకతో వచ్చిన వంకర, సరిచేయిస్తున్నాం అని దుప్పటి తీసి చూపించేవారు. కట్లయ్యాక మడమ దగ్గర చిన్న కోత పెట్టారు. ఆపైన కొన్నేళ్లు, రెండిటినీ కలిపే కడ్డీ ఉన్న బూట్లు వేసి పడుకోబెట్టాం. పాప ఎంత మారాం చేసినా తీయలేదు. తీస్తే పాదాలు మళ్లీ తిరుగుతాయి.

ఇప్పుడది బడికి పరుగెత్తుతుంది.

మొన్న పొన్నూరులో పెళ్లికి వెళ్లాం. ఒకమ్మాయి పసిబిడ్డ కాళ్లని ఎండలో కూడా గుడ్డతో కప్పి కూర్చుంది. అత్తగారు కుర్చీ ఆమె పక్కకి లాక్కున్నారు.

"దాచకమ్మా. ఈ వారమే తెనాలిలో చూపించు. తోడు కావాలంటే నేనొస్తాను."

సోమవారం పొద్దున్నే అత్తగారు చెప్పినట్టే ఆ అమ్మాయికి తోడుగా రైలెక్కారు.