తగ్గించి రాసిన తూకం

మునస్వామి పలమనేరు దగ్గరి ఒక పాలకేంద్రంలో పన్నెండేళ్లు తూకం వేశాడు. నిండు క్యానును కాటా మీద పెట్టి, క్యాను బరువు తీసేసి పాల బరువు రాయడం అతని పని. అతను రాసిన అంకెను ఎవరూ మళ్లీ చూసేవారు కాదు.

ఎనభై రెండులో ఇద్దరు డ్రైవర్లు గుండెజబ్బుతో నెలల తరబడి సెలవు పెట్టారు. యాజమాన్యం ఒక పథకం పెట్టింది. నెల మొదటి రోజు పనివాళ్లందరూ అదే కాటా ఎక్కాలి. బరువు పెరిగినవాళ్లను చిత్తూరు నుంచి వచ్చే డాక్టరు పరీక్షిస్తాడు. మూడు కిలోలు దాటి పెరిగిన డ్రైవరు వ్యాను దిగి క్యాన్లు కడగాలి. డాక్టరు ఖర్చుకు తగ్గ ఫలితం ఉందా లేదా అన్నది ఆరు నెలలకు తేలుస్తారు.

మూడో నెల గంగులప్ప కాటా ఎక్కాడు. బెంగళూరుకు పాలు తీసుకెళ్లే వ్యాను నడిపేది అతనే. నాలుగు కిలోలు పెరిగాడు.

"ఏమబ్బా, చౌడమ్మ వదిన రాగిముద్ద పెద్దది చేస్తా ఉండాదా?" అని అతని భార్య పేరెత్తి నవ్వాడు మునస్వామి.

"నవ్వొద్దప్పా. క్యానుకు తీసేస్తావు గదా, నాకూ తీసెయ్. ఈ వయసులో నన్ను క్యాన్లు కడగమంటావా?"

మునస్వామి నాలుగు తీసేశాడు. తర్వాతి నెల ఏడు. మిగతావాళ్లకు తెలిసింది. అడిగిన అందరికీ తీసేశాడు. ఒకరికి రాసి ఇంకొకరికి లేదనడం అతనికి చేతకాలేదు.

ఆరు నెలలకు పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరూ బరువు పెరగలేదు, డాక్టరు ఖర్చు అనవసరం. డాక్టరు రావడం మానేశాడు.

అప్పటికి గంగులప్ప పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. ఒక ఉదయం వ్యాను ఎక్కబోయి మెట్టు మీదే కూలబడ్డాడు. ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఉండి చనిపోయాడు. మూత్రపిండాలు చెడి ఒళ్లంతా నీరు పట్టిందనీ, పెరిగే బరువు చూసి ముందే తెచ్చివుంటే బతికేవాడేమోననీ అక్కడి డాక్టరు అన్నాడు.

కర్మ అయ్యాక మునస్వామి చౌడమ్మ ఇంటికి వెళ్లాడు.

"వదినా, ఆయన బరువు నేను తగ్గించి రాసినాను."

"ఎంత?"

"కడాకు, ఆరో నెలలో, పదకొండు కిలోలు."



"కాళ్ల వాపు ఎవురికీ చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకున్నాడప్పా. నేనూ చెప్పలేదు." తర్వాత ఆమె అడిగింది. "ఇంకెంతమందికి రాసినావు?"

మర్నాడు మునస్వామి బరువులు రాసిన పుస్తకం తీసుకెళ్లి మేనేజరుకు అందరి అసలు బరువులు గుర్తున్న మేరకు చెప్పాడు. సాయంత్రానికి అతని పని పోయింది. డాక్టరు మాత్రం మళ్లీ రాలేదు.