ఉతుకులో ఉన్న కోటు

ఏ పని పేరు చెప్పినా మా ఆయనకి ముందు మనిషి గుర్తుకు రాడు, వస్తువు గుర్తొస్తుంది. డాక్టరు అంటే మెడలో గొట్టం. టీచరు అంటే బెత్తం. కవి అంటే మాసిన గడ్డం. దొంగ అంటే చారల బనీను. ఆ పైన మీరెంత మొత్తుకున్నా ఆయన చెవికెక్కదు. ఈ జబ్బుకి తగ్గట్టే ఆయనకి నాటకాల దుస్తులు అద్దెకిచ్చే కొట్టు దొరికింది. నాకు ఆ దుస్తులన్నీ ఉతికి ఇస్త్రీ చేసే యోగం పట్టింది. రాజుల చెమటా, బిచ్చగాళ్ళ చెమటా ఒకటే వాసనని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

ఒకసారి పక్క కొట్లో ఏదో పోయిందని మామూలు బట్టల్లో ఒక కుర్ర పోలీసు విచారణకి వచ్చాడు.

"నేను పోలీసునండీ" అన్నాడు.

మా ఆయన అతన్ని కిందనుంచి పైదాకా చూసి, "పొట్టేదీ?" అన్నాడు.

"ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదండీ."

"పోలీసంటే పొట్ట, నాయనా. అది లేకపోతే దొంగలు లెక్కచేయరు." లోపలికెళ్ళి, నాడాలున్న తలగడ తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "సొంతది వచ్చేదాకా ఇది వాడుకో."

మమ్మల్ని ఇక లోపలేస్తారనే అనుకున్నాను. అతను మాత్రం నవ్వాపుకుంటూ తలగడ బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంట్లోనైనా సుఖపడదామంటే అదీ లేదు. అత్తగారంటే తాళాలగుత్తి ఉండాలట. మా అత్తగారు బీరువాకే తాళం వేసి ఎరగని మనిషి. ఆవిడ నడుముకి కొట్లోంచి తెచ్చిన ఇత్తడి గుత్తి తగిలించాడు.

"ఏమే అమ్మాయ్, ఇవి దేని తాళాలే?"

"దేనివీ కావత్తయ్యా."

"మరి నేనెందుకే మొయ్యడం?"

"మీ అబ్బాయినే అడగండి. నాకు ఓపిక లేదు."

ఆవిడ ఆ గుత్తిని పాలగిన్నె మూతమీద బరువుగా పెట్టుకుంది. ఇన్నాళ్ళకి అది ఒక పనికొచ్చింది.

ఇక నా సంగతి. భార్య అంటే గొణుగుడు. అది ఆయన సిద్ధాంతం. నడుం పట్టేసిన రోజున నేను నోరు మూసుకుని పడుకుంటే, "ఏమోయ్, ఒంట్లో బాగాలేదా? భార్యలా లేవే!" అని కంగారుపడతాడు. ఆయన్ని ఊరుకోబెట్టడానికి నేను లేచి కాసేపు గొణగాలి. విశ్రాంతి కూడా దక్కని బతుకు నాది.

అలాంటి మనిషికి నీలం కోటంటే ప్రాణం. ఆఫీసరంటే నీలం కోటు, ఎర్ర టై, జేబులో రెండు పెన్నులు. రెండో పెన్నులో రీఫిల్ లేదని నేను చెప్తే, "అది రాయడానికి కాదోయ్, కనబడడానికి" అన్నాడు.

మాకున్న నీలం కోటు అదొక్కటే. మొన్నామధ్య ఒక పొద్దున మా కొట్టుకి అన్నం పెట్టే నాటకాల దర్శకుడు ఆ కోటు కోసం వచ్చాడు. ఆ రోజే ప్రదర్శన. మా ఆయన తడుముకోకుండా, "ఉతుకులో ఉందండీ" అన్నాడు.

లోపల ఇస్త్రీ చేస్తున్న నా చేతిలో పెట్టె ఆగిపోయింది. ఆ కొట్లో ఉతికేది నేను. నా తొట్టిలో ఆ రోజు ఒక రాణిగారి గౌనూ, ఎలుగుబంటి తోలూ తప్ప ఇంకేమీ లేవు.

"ప్రదర్శన రోజునా ఉతుకు? ఇంక మీ గడప తొక్కను!" అని దర్శకుడు విసురుగా వెళ్ళిపోయాడు.

"ఏమండీ, కోటు ఎవరి తొట్టిలో నానుతోంది?" అన్నాను.

"దర్శకుడంటే అలక. మళ్ళీ వస్తాడులే."

"నేనడిగింది కోటు సంగతి!"

ఆయన టోపీల దుమ్ము దులపడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. ఉన్న ఒక్క మంచి బేరం పోయింది. ఈయన నోట్లోంచి ముక్క ఊడిపడదు. ఆ పూటంతా ఎలుగుబంటిని బాదిబాది ఉతికాను.

సాయంత్రం ఒక బక్కపల్చని అబ్బాయి మెట్లెక్కి వచ్చాడు. ఒంటిమీద మా నీలం కోటు, మా ఎర్ర టై, మా రెండు పెన్నులు. నేను నోరు తెరిచేలోగానే చెప్పేశాడు.

"ఉద్యోగం వచ్చింది పిన్నిగారూ!"

నాకేమీ అర్థం కాలేదు. అతనే కూర్చుని చెప్పాడు. పనిచేసే కంపెనీ మూతపడిందట. ఉన్న ఒక్క మంచి చొక్కాకీ కాలరు చిరిగిపోయిందట. వెళ్ళిన ప్రతిచోటా గుమ్మంలోనే ఎగాదిగా చూసి, నోరు విప్పకముందే పంపేసేవారట. అద్దెకి కోటు దొరుకుతుందేమోనని వస్తే, బాబాయిగారు అద్దె మాటెత్తకుండా తొడిగించి, కుర్చీలో కూర్చోబెట్టి, తాను ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగి రిహార్సలు చేయించారట.

"మా మేడమీది అక్కకి కూడా అంతేనటండీ. కిందటేడు ఇక్కణ్ణుంచే తెల్లకోటు వేసుకెళ్ళి మందులషాపులో చేరింది."

ఆ తెల్లకోటు నాకు బాగా గుర్తుంది. దాని కోసం వచ్చిన వాళ్ళకి కూడా ఈయన "ఉతుకులో ఉంది" అనే చెప్పాడు. నేనేమో మతిమరుపనుకున్నాను.

"నాతో చెప్తే ఏం పోయింది?" అన్నాను మా ఆయనతో.

ఆయన టోపీ దులుపుతూనే జవాబిచ్చాడు. "నేనొక్కణ్ణే ఇలా అనుకున్నావా? లోకమంతా ముందు వస్తువే చూస్తుందోయ్. మనిషి దాకా వెళ్ళే తీరిక ఎవరికుంది? ఆ వస్తువేదో మన కొట్లో ఊరికే వేలాడుతోంది కదా."

 ఈ మనిషి మీద నాకింత ప్రేముందని నాకే తెలియదు.

"ఇంతకీ మేనేజరు ఎలా ఉన్నాడు? బట్టతలేనా?" అని ఆ అబ్బాయిని ఉత్సాహంగా అడిగాడు.

"లేదు బాబాయిగారూ. ఆవిడ! చిన్నపిల్లలా ఉంది. కాళ్ళకి హవాయి చెప్పులు."

"అయితే ఆవిడ మేనేజరు కాదు. రేపు అసలు మనిషిని కనుక్కో" అన్నాడు మా ఆయన.

అబ్బాయి వెళ్ళాక నేను కోటు మడత పెడుతుంటే, ఆయన పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఏమోయ్, ఏమీ అనడం లేదు. ఒంట్లో బాగానే ఉందా?"

"కాలరంతా చెమట చేసి తెచ్చాడు. ఉతికి చచ్చేది నేనేగా!" అన్నాను. ఆయన ప్రాణం కుదుటపడింది.

కొన్నాళ్ళకి దర్శకుడు అలక తీరి వచ్చాడు. మళ్ళీ నీలం కోటే అడిగాడు. కొట్లో తెర వెనక నడివయసు మనిషొకడు ఆ కోటుకి గుండీలు పెట్టుకుంటున్నాడు. పొద్దున్నుంచీ "నా గురించి చెప్పాలంటే సార్" అని ఒకటే వాక్యం వల్లిస్తున్నాడు. మా ఆయన ఏదో అనేలోగానే నేను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి బయటికొచ్చాను.

"ఉతుకులో ఉందండీ" అన్నాను.

"ఆ కోటు ఎప్పుడూ ఉతుకులోనేనా?"

"ఏం చెయ్యమంటారు? ఉతకలేక నా నడుం విరుగుతోంది. ఈయన చేత ఒక్క జాడింపు కూడా కాదు. మాపేవాళ్ళకేం, ఎంతమందైనా ఉంటారు. చాకిరీకి మాత్రం నేనొక్కదాన్నే..."

దర్శకుడు వెళ్ళిపోయినా నేను ఆపలేదు. మా ఆయన స్టూలు మీద కూర్చుని, చెంపకి చెయ్యి ఆన్చుకుని, నాటకం చూస్తున్నంత శ్రద్ధగా వింటున్నాడు.