బొట్టు పెట్టిన పానా

నాకు రాయడం రాదు. ఐదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ వదిలేయాలో ఇప్పటికీ తికమకే. నవ్వుకోకుండా చదవండి. నోటితో చెప్పబోయిన ప్రతిసారీ నాలుక ఎండిపోయింది కాబట్టి రాస్తున్నాను. మా ఇంట్లో మిరపకాయల గోతం అడుగున ఒక ఇనప ముక్క ఉంది. ఒక చేత్తో ఎత్తొచ్చు. ముప్పై ఏళ్ళకు పైగా నేను మోసిన బరువు అదే.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు.

ఎనభైల్లో చిలకలూరిపేట దగ్గర ఒక జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసేవాణ్ణి. పత్తిని గింజ నుంచి వేరుచేసే మిల్లు. నా పక్క మిషను దావీదన్నది. నాకంటే పెద్ద, నాకు పని నేర్పినవాడు. ఆయనకొక పిచ్చి ఉండేది. పాత రాచెట్ పానాలు పోగుచేసేవాడు. రాచెట్ అంటే బోల్టు మీద పెట్టి ఊపితే చాలు, మళ్ళీ మళ్ళీ తీసి పెట్టకుండా కిటకిటమంటూ ఒకవైపే బిగించే పానా. గుంటూరులో పాత ఇనుము కొట్లకు వెళ్ళి, విప్పేసిన లారీల సామాన్లలో వెతికి తెచ్చేవాడు. ఆ పిచ్చి నాకూ అంటించాడు. ఆదివారం ఆయన చర్చి నుంచి రాగానే వాళ్ళ అరుగు మీద ఇదే పని. కిరసనాయిల్లో నానబెట్టడం, చింతపండుతో తోమడం, లోపలి పళ్ళకు పట్టిన మడ్డి సూదితో గీకడం.

"పళ్ళు ముతకగా ఉంటే పాతది. పూత లేకుండా నల్లగా ఉంటే రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లోది. అప్పుడు నికెలు దొరక్క పూతెయ్యలేదురా తమ్ముడూ" అనేవాడు.

ఒకటి దొరికింది. తుక్కు కుప్పలో చెయ్యి పెట్టి లాగింది నేను. కొన్నది ఆయన. లోపల స్ప్రింగు విరిగి ఉంటే బాల్ పెన్ను స్ప్రింగు కత్తిరించి వేసింది నేను. దాంతో దాని చప్పుడు సన్నబడింది, కీచురాయిలాగా. అలాంటి చప్పుడు చేసే పానా ఇంకొకటి లేదు. మిల్లంతా దాన్ని దావీదు పానా అనేది. ఆయన కొన్నాడు కదా, న్యాయమే. అయినా నాకు ఎక్కడో గుచ్చుకునేది. పైగా అది యుద్ధం నాటిదని ఆయన, అంతకు ముందుదని నేను.

"ఏరా, నువ్వు పుట్టకముందు సంగతి నాకు చెప్తావా?" అన్నాడు అందరి ముందూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఏడు దసరాకి ఎప్పటిలాగే పనిముట్లన్నీ కడిగి, షెడ్డులో బల్ల మీద పేర్చి పూజకు పెట్టారు. ఒకసారి బొట్టు పెట్టాక మర్నాడు పొద్దున మేస్త్రి కొబ్బరికాయ కొట్టేదాకా ఎవరూ ముట్టకూడదు. ముడితే ఆ ఏడు మిషను ఎవరి చెయ్యో ఒకరిది తింటుందని మావాళ్ళ భయం. నాకూ ఉండేది.

"ఏం దావీదూ, నీ పానాకి బొట్టు పెట్టొచ్చా?" అన్నాడు మేస్త్రి.

"పెట్టండి మేస్త్రిగారూ. దానికేమన్నా బాప్తిస్మం ఇప్పించానా ఏంది? నాకు మాత్రం పులిహోర రెండుసార్లు పెట్టండి."

పూజ అయి అందరూ బయట పులిహోరకు కూర్చున్నారు. నేను షెడ్డులోనే ఆగాను. కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆ పానా మెడ మీద పడింది. పిడీ తలా కలిసే గాడిలో ఏదో తెల్లగా మెరిసింది. వంగి చూశాను. కనపడలేదు. తీశాను. అవును, తీశాను. ఎండలోకి తిప్పి చూస్తే గాడిలో సన్నటి గీతలా నికెలు పూత మిగిలి ఉంది. నా మాటే నిజం. ఆ సంతోషం ఎంతసేపు? బయట అడుగుల చప్పుడు. నా వేళ్ళ నిండా కుంకుమ. పానా మీద బొట్టు చెరిగిపోయింది. తిరిగి పెట్టినా ఎవరో ముట్టారని తెలిసిపోతుంది. పక్కనే పత్తి గింజల కుప్ప ఉంది. అందులోకి తోసేశాను.

వచ్చింది యేసుపాదం. దావీదన్న భార్య తమ్ముడు. అక్క ఇంట్లోనే ఉంటూ మిల్లులో పత్తి కుక్కిన గోతాలు, బోరేలు మోసేవాడు.

"ఇక్కడున్నావా అన్నా? పులిహోర అయిపోతంది. నీకు ఆకులో తీసి పక్కన పెట్టా, రా" అని నీళ్ళ బిందె ఎత్తుకుని వెళ్ళాడు.

వెళ్ళి ఆ పులిహోర తిన్నాను.

పొద్దున్నే అందరికంటే ముందొచ్చి పెట్టేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక ఇప్పుడు మీ ముందు అలా అనిపిస్తోందా? నేను వచ్చేసరికే మేస్త్రి బల్ల ముందు నిలబడి ఉన్నాడు. పానా ఉండాల్సిన చోట పసుపు మరక మాత్రం ఉంది. గింజలకోసం లారీ కూడా వచ్చి ఉంది. కూలీలు కుప్ప ఎత్తబోతుంటే నేనే వెళ్ళి పార అందుకున్నాను. పానా ఉన్న చోటు వదిలేసి ఒక పక్క నుంచి ఎత్తుతూ, ఎక్కడ ఇనుము ఖణేల్మంటుందోనని ప్రాణం అరచేతిలో పెట్టుకున్నాను.

మేస్త్రి అందరినీ వరసగా నిలబెట్టాడు. "నిన్న అందరూ తింటా ఉంటే షెడ్డులోకి ఎవడు పోయాడు?"

"నేను పోయానండి, నీళ్ళ బిందె కోసం" అన్నాడు యేసుపాదం, ఏమీ దాచకుండా. "లోపల అన్న కూడా ఉన్నాడు."

అందరూ నా వైపు తిరిగారు. దావీదన్న నా దగ్గరికొచ్చాడు. కోపంగా కాదు. "నువ్వేమన్నా చూశావా తమ్ముడూ?"

నా చేతిలో పార ఉంది. నా కాలి పక్కన గింజల కింద ఆయన పానా ఉంది. నేనన్నాను, "పూజలో పెట్టినదాన్ని మావాళ్ళెవరూ ముట్టరు గదా, దావీదన్నా."

అంతే. యేసుపాదం పేరు నేను ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదని నాకు తెలుసు. షెడ్డులోకి వెళ్ళినవాళ్ళిద్దరిలో నేను ఆ 'మావాళ్ళలో' ఒకణ్ణి, అతను కాదు. ఆ మాటతో మేస్త్రి చూపు మారింది, వరస మొత్తం చూపు మారింది. చివరికి దావీదన్న చూపు కూడా.

"తీశావా రా?" అన్నాడు బావమరిదిని.

"ప్రభువు సాక్షి బావా. నేను తియ్యలా."

"తియ్యకపోతే యాడికి పోయింది?"

యేసుపాదం తల తిప్పాడు. నన్నే చూశాడు. నిందగా కాదు. నేను ఇంకేదో చెబుతానని ఎదురుచూస్తున్నట్టు. నేను వంగి గింజలు ఎత్తాను.

ఆ రోజే అతన్ని పనిలోంచి తీసేశారు. పానా దొరికేదాకా గడప తొక్కొద్దన్నాడు దావీదన్న. గుడ్డలు గోతంలో వేసుకుని సింగరాయకొండ వైపు పొగాకు కాల్చే బేరన్లలో పనికి పోయాడు. వాళ్ళక్క మరియమ్మ భర్తతో మాట్లాడటం మానేసింది. ఆదివారం అరుగు మీద మేమిద్దరం పానాలు తోముతుంటే ఆమె లోపల నుంచి బయటికి వచ్చేది కాదు. అవును, ఆ తర్వాత కూడా నేను వెళ్ళాను. మానేస్తే అనుమానం వస్తుందని వెళ్ళాను. అంతకంటే సిగ్గుమాలిన పని ఇంకోటి చెయ్యలేదు.

భయంతోనే చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. బొట్టు చెరిపానని తెలిస్తే తిడతారని. మరి సందు దొరికాక కుప్పలోంచి తీసి అన్నం సంచిలో ఇంటికి ఎందుకు తెచ్చాను? ఏ కాలవలోనో ఎందుకు పారెయ్యలేదు? అది నాదని అనుకున్నాను. అనుకున్నానే గాని, ఆ చప్పుడు ఎవరైనా గుర్తుపడతారని ఒక్కసారి కూడా తిప్పలేదు.

దావీదన్న పోయాక మరియమ్మ ఆయన పానాలు తగిలించి ఉన్న చెక్కను మా ఇంటికి పంపింది. ఒక్కో పానా వేలాడే చోట దాని ఆకారం రంగుతో గీసి పెట్టేవాడు ఆయన. ఒక ఆకారం ఖాళీగా ఉంది. "వీటి విలువ నీకే తెలుసునంట. నీకిమ్మని చెప్పి పోయాడు" అని కబురు. ఆయన్ని పూడ్చిన రోజు సమాధుల దొడ్డిలో యేసుపాదం కనపడ్డాడు. తల నెరిసింది. "బాగున్నావా అన్నా" అన్నాడు. బాగున్నానన్నాను.

ఇది రాయడానికి కూర్చునే ముందు గోతం అడుగు నుంచి దాన్ని తీశాను. మిరపకాయల ఘాటుకి తుమ్ములొచ్చాయి. తిప్పాను. స్ప్రింగు ఇంకా పనిచేస్తోంది. అదే కీచురాయి.

వంటింట్లోంచి మా ఆవిడ అడిగింది. "ఏందా చప్పుడు?"

"దావీదన్న పానా."

"అది ఎప్పుడో పోయింది గదా?"

"పోలేదు" అన్నాను.

ఆమె గుమ్మం దాకా వచ్చి పానాను చూసింది, నన్ను చూసింది. లోపలికి పోయింది. ఇంతవరకు నాతో మాట్లాడలేదు. అయినా ఛాతీలో ఏదో వదులైంది. ఆ ఊరట నాకు దక్కాల్సింది కాదని తెలుసు.

యేసుపాదం ఒంగోలులో ఉన్నాడట. వెళ్తానని ఇక్కడ రాస్తే మీ దగ్గర మంచివాణ్ణయిపోతాను. అందుకని రాయను. దావీదన్నా, ఆ పానా యుద్ధానికి ముందుదే. నీకు చెప్పలేకపోయాను.

చదివినవాళ్ళు నా రాతలో తప్పులు మన్నించండి. రాతలోవి మాత్రమే.