కుర్చీ మాత్రం బాగా పడింది

నేను ఫొటోలు తీయడం నేర్చుకునే రోజుల్లో నా చేతిలో పడి తలకాయలు పోగొట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. తిరుపతిలో మా స్టూడియోకు వచ్చేవాళ్లలో సగం మంది కొండ మీద గుండు చేయించుకొని దిగినవాళ్లే. మొక్కు తీర్చుకున్నట్టు ఊళ్లో చూపించుకోవడానికి ఒక ఫొటో కావాలి కదా. మంగలి జుట్టు వరకే తీసి పంపేవాడు. మిగతా తల నేను తీసేసేవాణ్ణి.

అప్పటి కెమెరా అంటే మూడు కాళ్ల మీద నిలబడే పెద్ద పెట్టె. దాని వెనకాల గరుకుటద్దం. నల్లగుడ్డ కప్పుకొని అందులో చూస్తే ఎదుటి మనిషి తలకిందులుగా కనబడతాడు. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. నేను అద్దం పైభాగంలో ఉన్న పాదాలను కంటికి రెప్పలా కాపాడుకుంటూ ఉంటే, కిందివైపున తలలు తెగిపోయేవి. కార్వేటినగరం నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని ఎడమకు, ఇంకా ఎడమకు అని జరిపి జరిపి, గుడ్డ తీసి చూద్దును కదా, వాళ్లు వెనకాల కట్టిన తెర దాటిపోయి గోడకు అతుక్కొని ఉన్నారు. పాపం, అక్కడ కూడా ఊపిరి బిగబట్టే నిలబడ్డారు.

ఫోకస్ సంగతి చెప్పుకుంటే ఇంకా సిగ్గు. మా తెర మీద ఏడుకొండల బొమ్మ వేసి ఉండేది. నేను తీస్తే ఆ కొండలు, మెట్లు, గోపురం అన్నీ చక్కగా వచ్చేవి. ముందు నిలబడ్డ భక్తులు మాత్రం పొగలో చిక్కుకున్నట్టు ఉండేవాళ్లు. స్టూడియో ఆసామి నెమ్మదస్తుడు. ఏడాదిలో ఒక్కసారి విసుక్కున్నాడు.

"మనిషిని నిలబెట్టుకోని కొండను తీస్తావేందప్పా? కండ్లు సూడు. కండ్లు దొరికితే మిగతాదంతా అదే వస్తాది."

నేను తల ఊపాను. తల ఊపడంలో నాకు చిన్నప్పటి నుంచీ మంచి పేరే ఉంది.

ఏడాది గడిచేసరికి తలలు వాటి చోటికి అవి తిరిగి వచ్చాయి. కండ్లు కూడా దొరకడం మొదలైంది. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. మనిషిని నట్టనడుమ కూర్చోబెట్టకూడదనీ, చూపు ఎటు ఉంటే అటు కాస్త చోటు వదలాలనీ దారిన పోయేవాళ్లక్కూడా చెప్పేవాణ్ణి. సరిగ్గా ఆ మిడిసిపాటులో ఉండగా చిత్తూరులో మా ఇంటికి అన్న ఉత్తరం వచ్చింది.

మా అన్న పటాలంలో ఉండేవాడు. రేణిగుంటలో రైలెక్కి రెండేళ్లయింది. ఎక్కడున్నాడో రాయకూడదట, రాయలేదు. అమ్మ ముఖం గుర్తు తెచ్చుకుందామంటే రావడం లేదనీ, వడ్డించే చెయ్యి ఒక్కటే కనబడుతోందనీ, తమ్ముడు ఫొటోలు తీస్తున్నాడు గదా, ఒకటి తీయించి తొందరగా పంపమనీ రాశాడు. అమ్మను అంతవరకూ ఎవరూ ఫొటో తీయలేదు. ఆ ఉత్తరం చదివి వినిపించిన రోజు అమ్మ సరిగా అన్నం తినలేదు. కన్నకొడుకు తన ముఖం మరిచిపోతున్నాడంటే ఏ తల్లి తింటుంది?

యుద్ధం వల్ల మద్రాసు నుంచి ఫొటో పడే గాజు ప్లేట్లు రావడం ఆగిపోయింది. స్టూడియోలో మిగిలిన ప్లేటు ఒక్కటే. ఆసామి దాన్ని కెమెరాతో సహా నాకిచ్చి, జాగ్రత్త అన్నాడు. పసిబిడ్డను పట్టుకున్నట్టు ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకొని పాకాల మీదుగా చిత్తూరు రైల్లో ఇంటికి పోయాను.

మా ఇంట్లో కుర్చీ ఒక్కటే, పేము కుర్చీ. అది నాయనది. ఆయన బెల్లం మండీలో పని చేసి వచ్చి అందులో కూర్చునేవాడు. వసారాలో వెలుతురు చూసి దాన్ని అక్కడ వేసి అమ్మను కూర్చోమన్నాను. మీ నాయన కుర్చీలో నేనా, కిందనే కూర్చుంటానంది. కింద కూర్చుంటే కాంపోజిషన్ చెడిపోతుందన్నాను. ఆ మాటకు భయపడి కుర్చీ అంచున ఆనీ ఆననట్టు కూర్చుంది. నల్లగుడ్డలో దూరి చూశాను. కండ్లు దొరికాయి. బొట్టు కింద, కొంచెం బెదురుతో, నా వైపే చూస్తున్న కండ్లు. మా ఆసామి ఈ కండ్లను చూస్తే నన్ను భుజం తట్టి మెచ్చుకుంటాడని కూడా అనుకున్నాను, నా మొహం.

వసారా వెలుతురుకు కెమెరా కంటి మీది మూత తీసి ఎనిమిది లెక్కపెట్టాలి. అంతసేపూ కదలకూడదని అమ్మకు పదిసార్లు చెప్పాను. మూత తీశాను. అమ్మ బొమ్మలా కూర్చుంది. లెక్క నాలుగు దగ్గరుండగా వీధి వాకిట్లో నాయన చెప్పుల చప్పుడైంది. మధ్యాహ్నం దాటితే గానీ రాని మనిషి, పొడుం డబ్బీ మరిచిపోయి వచ్చాడు. ఆ చప్పుడు వినీ వినగానే అమ్మ కుర్చీలోనుంచి లేచింది.

అప్పుడే మూత పెట్టేసి ఉంటే, మసకగానైనా ముఖం దక్కేది. నేను పెట్టలేదు. లెక్క తప్పకూడదని నేర్చుకున్నాను కదా, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది అని శ్రద్ధగా పూర్తి చేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. నాయన వసారాలోకి వచ్చేసరికి అమ్మ ఎప్పటిలాగే గోడవారన నిలబడి ఉంది. కుర్చీ బయట ఎందుకేశావని నన్నడిగి, డబ్బీ తీసుకొని వెళ్లిపోయాడు.

తిరుపతిలో ప్లేటు కడిగితే పేము అల్లిక ఒక్కొక్క పోగూ లెక్కపెట్టుకునేట్టు వచ్చింది. అమ్మ ముఖం ఉండాల్సిన చోట కిందినుంచి పైకి సాగిన మసక చార. మా ఆసామి దాన్ని వెలుతురుకు పట్టుకొని చాలాసేపు చూశాడు. కుర్చీ మాత్రం బాగా పడిందప్పా అన్నాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది.

కాగితం మీద అచ్చు వేసి ఇంటికి తీసుకుపోయాను. నాయన అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

"మీ అమ్మ లేస్తా ఉండాదే. ఎవురొచ్చినారు?"

నిజంగానే అడిగాడు. నువ్వే నాయనా అనాల్సింది. ఎవరో వచ్చారులే అని నసిగాను. అమ్మ మాత్రం పంపించమంది, వాడికి తెలుస్తుందంది. ఒక పేజీ నిండా సాకులు రాసి పంపాను. వెలుతురును తిట్టాను, ప్లేటును తిట్టాను, యుద్ధం మీద కూడా కొంత నేరం మోపాను. నా లెక్క సంగతి మాత్రం రాయలేదు.

రెండు నెలలకు జవాబు వచ్చింది. ఉత్తరాలు చదివేది నాయనే. కుర్చీలో కూర్చొని, గొంతు సవరించుకొని చదివాడు. అమ్మ వంటింటి తలుపు పట్టుకొని వింటోంది.

"ఫొటో అందింది. అమ్మ ముఖం పడలేదు. అయినా ఆ లేచే తీరు సూస్తానే నాయన వాకిట్లోకి వచ్చినాడని తెలిసిపాయ. ఆయన చెప్పుల చప్పుడు గూడా ఇనబడినట్టయ్యింది. ఆపైన అమ్మ ముఖం దానంతట అదే గుర్తుకొచ్చింది."

నాయన ఆగిపోయాడు. ఆ నాలుగు ముక్కలూ లోలోపలే మళ్లీ చదువుకున్నాడు. తలెత్తి అమ్మ వైపు చూశాడు. పెళ్లయి ముప్పై ఏళ్లయింది. ఆయన ఇంట్లోకి వచ్చేసరికి ఆవిడ ఎప్పుడూ నిలబడే ఉంది. అంతకుముందు కూర్చొని ఉండేదన్న సంగతి ఆయనకు ఎట్లా తెలుస్తుంది?

"ఆ పొద్దు వచ్చింది నేనా?"

ఇంకెవరు వస్తారంది అమ్మ.

"కూచో. సదువుతా."

పొయ్యి మీద కూర ఉందంది. ఉండనీ అన్నాడు. అమ్మ వంటింటి తలుపు వదిలి, గోడకు ఆనుకొని కింద కూర్చుంది. ఉత్తరంలో మిగిలింది రెండు వాక్యాలే. నాయన అవి చదవకుండా కాగితం ముందువైపుకు తిప్పి, మొదటి నుంచి మెల్లగా చదవడం మొదలుపెట్టాడు.