ఖాళీ డబ్బాల సంచి

సింగపూర్‌లో, తంజోంగ్ పగార్ ఆఫీసులో మేనేజరైన సురేన్‌కి ఆదివారం వేషమే వేరు. నిప్పురవ్వలకు చిల్లులు పడ్డ బనీను, ఎంత తోమినా మసి వదలని చేతులు. పాత పెయింటు డబ్బా లోపల మట్టి మెత్తి, గ్యాసు బర్నరు బిగించి, మిత్రుడి వర్క్‌షాపులో సొంతంగా కట్టుకున్న కొలిమంటే అతనికి ప్రాణం. అందులో కూల్‌డ్రింకు డబ్బాలు కరిగించి తళతళలాడే దిమ్మలు పోస్తాడు. ఆ డబ్బాల కోసం తెల్లారగానే టాంపినీస్‌లో తానుండే ఫ్లాట్ల బ్లాకు కింది చెత్తబుట్టలన్నీ గాలిస్తాడు.

మొన్న ఆదివారం అక్కడే, డబ్బాలేరి అమ్ముకుని బతికే ముసలి చైనీస్ ఆంటీ ఎదురైంది. ఆమె సంచి సగమే నిండింది. అతని బనీనుకేసి, చేతులకేసి చూసి, "యు టేక్ లా. యు ఆల్సో మస్ట్ ఈట్," అంటూ సింగపూర్ ఇంగ్లీషులో చెప్పి, రెండు చేతులా సంచి అందించింది. వద్దంటే, ఇదంతా తనకు సరదా అని చెప్పాలి. సురేన్ తల దించుకుని, రెండు చేతులా పుచ్చుకున్నాడు.